రెండున్నర నుంచి మూడు వరకు

ఆరేళ్ళుగా నేను మోస్తున్న బరువు రోజూ మధ్యాహ్నం మూడు గంటలకు ఫోనులో వస్తుంది. రెండే మాటలు. "చేసినా అక్కా." పక్కన ఒక పచ్చ టిక్కు. నేను మిషను తొక్కడం ఆపకుండానే ఎడమచేత్తో ఒక బొటనవేలి బొమ్మ పెడతాను. మళ్ళీ కుట్టుకుంటాను. ఇదేం బరువు అంటారు మీరు. అందుకే మొత్తం చెబుతున్నాను. విన్నాక అనండి.

నా పేరు చెప్పను. మదనపల్లెలో బ్లౌజులు కుట్టి, పట్టుచీరలకు ఫాల్ వేసి బతికే ఆడవాళ్ళు వీధికి ఇద్దరు ఉంటారు. వాళ్ళలో ఒకదాన్ని. వయసు యాభై దాటింది. క్షమించమని అడగడానికి కూర్చోలేదని కూడా ముందే చెప్పేస్తున్నాను. మా చర్చిలో సాక్ష్యాలు చిన్నప్పటి నుంచి వింటున్నాను. మైకు పట్టుకుని ఏడుస్తారు, చేసిన పాపం చెప్పుకుంటారు, "దేవుడు నన్ను మార్చాడు" అని చప్పట్లు కొట్టించుకుని దిగిపోతారు. నాకు ఆ చప్పట్లు వద్దు. నన్నెవరూ మార్చలేదు. నేను ఎలా ఉన్నానో అలాగే ఉండి చెబుతున్నాను.

మా చర్చి ఆడవాళ్ళకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, మూడు ఊళ్ళవాళ్ళమూ అందులో ఉన్నాం. ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే, ఆపరేషను అంటే, గొలుసు ప్రార్థన పెడతాం. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా రోజును అరగంటలుగా విడదీసి ఇరవై నాలుగు మందికి పంచుతాం. ఎవరి అరగంటలో వాళ్ళు, ఎక్కడ ఉంటే అక్కడే మోకాళ్ళేసి ఆ మనిషి కోసం ప్రార్థన చేయాలి. అయ్యాక పేర్ల పట్టీని కాపీ చేసి, తన పేరు పక్కన పచ్చ టిక్కు పెట్టి, మళ్ళీ గ్రూపులో వేయాలి. ఆ టిక్కు చూసి తర్వాతి మనిషి మోకాళ్ళ మీదికి వెళ్తుంది. ఒక్క నిమిషం కూడా ఖాళీ పోకూడదు. ఆ పట్టీ రాసేది నేను. ఎవరికి ఏ అరగంట కుదురుతుందో కనుక్కునేది, గుర్తు చేసేది, టిక్కు రాకపోతే ఫోన్ చేసి అడిగేది, అన్నీ నేనే. "పట్టీ అక్క" అనేవాళ్ళు నన్ను. ఆ పేరంటే నాకు ఎంత ఇష్టమో ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది.

మొదట్లో నేను నిజంగానే చేసేదాన్ని. అది మీరు నమ్మాలి. అంగడి తలుపు దగ్గరికి వేసి, లైనింగు గుడ్డలు మడిచి మోకాళ్ళ కింద పెట్టుకుని, అరగంటా చేసేదాన్ని. ఏడ్చేదాన్ని కూడా. తర్వాత ఒక పెళ్ళిళ్ళ కాలంలో, నా అరగంట మొదలవుతుండగా పెళ్ళికూతురు వాళ్ళమ్మ వచ్చి కూర్చుంది. బ్లౌజు చేతులు బిగుతుగా ఉన్నాయట, అప్పటికప్పుడు విప్పి కుట్టివ్వాలట. నాకు టిక్కు టైము దాటిపోతుందని భయం. పట్టీ అక్కే ఆలస్యం చేస్తే మిగతావాళ్ళు ఏమనుకుంటారు? ముందు టిక్కు పెట్టేశాను, ఆమె వెళ్ళాక చేద్దాంలే అని. ఆమె వెళ్ళింది. నేను చేయలేదు.

ఎందుకు చేయలేదు? చాలాసార్లు అడుక్కున్నాను. బద్ధకం కాదు. టిక్కు పెట్టగానే లోపల ఏదో తీరిపోయింది. ప్రార్థన చేసి లేచినప్పుడు ఎలా ఉంటుందో అచ్చం అలాగే తేలికగా ఉంది. పైగా గ్రూపులో ఆరుగురు దండాలు పెట్టారు, ఇద్దరు "స్తోత్రం అక్కా" అన్నారు. పని చేస్తే వచ్చే తృప్తి, చేశానని చెబితేనే వచ్చేస్తుంటే ఇక పని ఎవరు చేస్తారు? రెండోసారి కొంచెం గుచ్చుకుంది. మూడోసారి అదీ లేదు. అలా నాలుగేళ్ళు. చివరికి నేను "చే" అని కొట్టగానే నా ఫోను తనే "చేశాను, స్తోత్రం" అని చూపించేది. నా అబద్ధం దానికి కూడా కంఠతా వచ్చేసింది.

మీరు మొహం చిట్లించుకుంటున్నారు కదా. చిట్లించుకోండి. కానీ ముందు మీ ఫోను ఒకసారి తీసి చూసుకోండి. ఒక గ్రూపులో చావు కబురు కింద దండం, పక్క గ్రూపులో పెళ్ళిరోజు ఫోటో కింద పూలగుత్తి. రెండిటికీ మధ్య ఎన్ని క్షణాలు తీసుకున్నారు? పోయింది ఎవరో పూర్తిగా చదివారా? నన్ను తిట్టే హక్కు మీకు లేదని అనను. తిట్టండి. ఒంటరిగా మాత్రం నన్ను నిలబెట్టకండి. అలా ఒక మనిషిని ఒంటరిగా నిలబెట్టడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. నేను చేసిన అసలు తప్పు అదే.

సుగుణది పుంగనూరు. నాకంటే పదేళ్ళు చిన్న. పెళ్ళి చేసుకోలేదు. అమ్మానాన్నలు పోయాక చెల్లెలు లిల్లీని తనే పెంచి, చదివించి, పెళ్ళి చేసింది. చెల్లెల్ని "పాప" అనే పిలిచేది, ఆ పాపకు పాతికేళ్ళు దాటినా. లిల్లీకి కడుపులో గడ్డ వచ్చింది. కుప్పంలో ఒక పెద్ద ఆసుపత్రిలో ఆపరేషను అన్నారు. గ్రూపులో గొలుసు పెట్టాం. సుగుణ తనకూ ఒక అరగంట కావాలంది. నువ్వు ఆసుపత్రిలో ఉంటావు, నీకెందుకమ్మా అన్నాను. వినలేదు. రెండున్నర నుంచి మూడు వరకు ఆమెకు రాశాను. పదకొండు నుంచి పదకొండున్నర వరకు నాది.

ఆ రోజు పదకొండు గంటలకు నేను ఒక బ్లౌజుకు హుక్కులు కుడుతున్నాను. పదకొండూ ఐదుకే టిక్కు పెట్టేశాను. అరగంట కూడా ఆగలేదు. ఐదు నిమిషాల్లో ముప్పై నిమిషాల ప్రార్థన ఎలా అయిందని ఒక్కరైనా అడగలేదు. ఎందుకు అడగలేదో ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవాల్సినవాళ్ళు అక్కడ నేనొక్కదాన్నే కాదేమో.

సుగుణ అరగంట వచ్చింది. మూడయింది. టిక్కు రాలేదు. ఆసుపత్రిలో ఉన్న మనిషి కదా అని నేనూ ఫోన్ చేసి అడగలేదు. మూడున్నరకు గ్రూపులో ఆమె మెసేజ్ వచ్చింది. "అక్కలూ, నన్ను క్షమించండి. మెట్ల కాడ కూర్చోనుండి అట్లే పండుకునేసినా. నా టయం అయిపోయింది." రెండు రాత్రుల నుంచి కన్ను మూయని మనిషి. పక్కన టిక్కు పెట్టేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. ఆ ఆలోచనే ఆమెకు రాలేదు. ఇన్నేళ్ళ ఆ గ్రూపులో నేను చూసిన నిజమైన మాట అదొక్కటే.

సాయంత్రం ఆరు దాటాక లిల్లీ పోయింది. లోపల రక్తం కారడం ఆగలేదన్నారు.

మర్నాడు పొద్దున విమల టీచరమ్మ గ్రూపులో మాట రికార్డు చేసి పెట్టింది. ఆమె మా అందరికీ పెద్ద, ఆమె మాటంటే అందరికీ హడలు. "గొలుసు యాడ తెగుతుందో ఆడే శత్రువు దూరతాడు. ఎవురో ఏందో నేను చెప్పను. వాళ్ళ మనస్సాక్షికే తెలుసు. అక్కా, నిన్నటి పట్టీ ఒకసారి పెట్టు, అందురూ సూస్తారు." అక్కా అన్నది నన్నే.

పెట్టాను.

ఇరవై మూడు పచ్చ టిక్కులు. ఒక ఖాళీ. ఖాళీ పక్కన సుగుణ పేరు. ఆ పట్టీ వేసే ముందు నా వేలు ఒక క్షణం ఆగింది. నా టిక్కు నేను తీసేయవచ్చు. రెండు ఖాళీలు ఉండేవి. ఒక్క ఖాళీ ఉంటే అది తప్పు. రెండుంటే మనుషులన్నాక మామూలే. ఆ ఒక్క పని చేసి ఉంటే చాలు. చేయలేదు. పైగా, దాచకుండా చెప్పాలంటే, నాకు కాస్త ఊరటగా అనిపించింది. వేళ్ళన్నీ ఇంకొకరి వైపు తిరిగి ఉన్నాయి. పైన పటారం, లోన లొటారం. పట్టీ అక్క పట్టీ అక్కలాగే ఉండిపోయింది.

నెల తర్వాత సుగుణ పుంగనూరు బస్సు దిగి నేరుగా నా అంగడికి వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. కుట్టు మిషను అంచు పట్టుకుని నిలబడింది.

"అక్కా, నిన్ను ఒకటి అడగల్ల. నిజం చెప్పల్ల."

"అడుగు."

"ఆ పొద్దు అందురూ చేసినారా?"

"ఇప్పుడు యాల అది, సుగుణా?"

"చెప్పక్కా. ఇంగెవురన్నా ఒకరు మర్సిపోయింటే సాలు. నాకు కొంచిం నిద్ర పడ్తాది. పట్టీ రాసేదానివి, నీకు తెలుసు."

"అందురూ చేసినారమ్మా."

"నువ్వు?"

"నేనూ చేసినా."

"అయితే నేనొక్కదాన్నే," అంది. ఏడవలేదు. ఏదో కొలత చెబుతున్నట్టు అంది. తర్వాత, "ఇంగ మద్దేన్నం పూట నేను పండుకోనక్కా. దినామూ ఆ టయానికి మోకాళ్ళేస్తా. అయినాక నీకు మెసేజ్ పెడ్తా. నువ్వు సూస్తా ఉండు. తప్పితే అడుగు నన్ను," అంది.

సరేనన్నాను. దొంగకే తాళాలిచ్చి వెళ్ళిపోయింది.

అక్కడ నేనేం చేశానో మీకు అర్థమైందా? సరిగ్గా చెప్పాలి, ఎందుకంటే నాకే అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. లిల్లీ నా అరగంట వల్ల పోలేదు. సుగుణ అరగంట వల్లా పోలేదు. అది నా నమ్మకం కాదు, నేను కళ్ళారా చూసింది. నాలుగేళ్ళుగా నేను చేయని అరగంటల్లో ఎంతమంది బాగై ఇళ్ళకు రాలేదు? ఒకామె గుండె ఆపరేషను అయ్యాక హార్స్‌లీ హిల్స్ ఎక్కి ఫోటో పెట్టింది. "మీ గొలుసే నన్ను బతికించింది" అని రాసింది. ఆ గొలుసులో నా లంకె ఉత్తదే. తెగిన గొలుసుతోనూ మనుషులు బతుకుతారని లోకంలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. సుగుణ నిద్రను ఆమెకు తిరిగి ఇవ్వగలిగిందీ నేనొక్కదాన్నే. బయటకు రానివ్వని తలుపు తాళంచెవి నా కొంగుకే కట్టి ఉంది, నేను కొంగు విప్పలేదు. ప్రార్థన చేయకపోవడం నాకూ దేవుడికీ మధ్య సంగతి. అది మేమిద్దరం చూసుకుంటాం. ఇది మాత్రం సుగుణకూ నాకూ మధ్య సంగతి, దీంట్లోకి దేవుణ్ణి అడ్డం తెచ్చుకోను.

మరెందుకు చెప్పలేదు? గ్రూపు నుంచి తీసేస్తారనా? తీసేస్తే ఏం, అంగడి మూతపడుతుందా? విమల టీచరమ్మకు భయపడా? ఆమె బ్లౌజులు కూడా నేనే కుడతాను, ఆమె కొలతలు నాకు తెలుసు. కాదు. "చేశాను" అన్నదాన్ని "చేయలేదు" అనడానికి వేలు తిరగలేదు, అంతే. పెద్ద కారణం ఉంటే బాగుండేది. లేదు. అలవాటు. కాలు మిషను మీద పెట్టగానే తనంతట తానే తొక్కుతుంది చూశారా, అలా.

ఆరేళ్ళు. ఒక్కరోజు తప్పలేదు. చికున్‌గున్యా వచ్చి ఒళ్ళంతా పట్టేసినప్పుడు కూడా మూడు గంటలకు "చేసినా అక్కా". ఆమె మోకాళ్ళు పాడయ్యాయి. పోయిన ఏడు మదనపల్లెలో డాక్టరుకు చూపించుకుని, కుంటుకుంటూ నా అంగడికి వచ్చింది. నేల మీద కూర్చోవద్దు, మోకాళ్ళెయ్యొద్దు అన్నాడట. మరి? అన్నాను. "ఆయప్పకేం తెలుసక్కా," అంది. ఆ రోజు కూడా నోరు విప్పలేదు నేను. టీ తెప్పించాను.

ఇప్పుడు ఎందుకు చెబుతున్నానంటే, పోయిన నెల ఒకరోజు ఆమె మెసేజ్ రెండు ముప్పై ఒకటికే వచ్చింది. "చేసినా అక్కా", టిక్కు. గడియారం చూశాను. అరగంట ముందు. చేయకుండానే పెట్టేసింది.

నాకు ఏమనిపించిందో రాయాలా? రాస్తాను. సంతోషం వేసింది. పెదవులు వాటంతటవే నవ్వాయి. వచ్చావా తల్లీ, నువ్వూ నా దారిలోకే వచ్చావా అనిపించింది. ఆరేళ్ళలో అంత హాయిగా నేనెప్పుడూ లేను. రెండు నిమిషాలే ఉంది ఆ హాయి. ఫోను మళ్ళీ మోగింది.

"చెయ్యి తగిలి పోయిందక్కా. ఇంగా చెయ్యలే. చేసి మళ్ళా పెడ్తా. అది లెక్కలోకి తీసుకోవద్దు."

మిషను ఆపేశాను. ఆ రోజు ఇక కుట్టలేదు. మూడు గంటలకు రెండోది వచ్చింది. నేను బొటనవేలు పెట్టలేదు. ఆరేళ్ళలో అది మొదటిసారి. నేను పెట్టలేదని కంగారుపడి, నాకు ఒంట్లో బాగుందా అని ఫోన్ చేసింది.

తర్వాత ఇరవై రోజులు తన్నుకులాడాను. పుంగనూరు వెళ్ళి ఎదురుగా చెప్పడమే మర్యాద. ఒకరోజు బస్టాండు దాకా వెళ్ళాను కూడా. ఆమె మోకాళ్ళ ముందు నిలబడలేనని తెలిసి తిరిగొచ్చాను. దీన్ని పిరికితనం అనండి, ఒప్పుకుంటాను. అయినా ఆగలేదు. నిన్న పొద్దున అంగడి తెరవకముందే కూర్చుని కొట్టాను. "చె" అనగానే ఫోను అలవాటుగా "చేశాను, స్తోత్రం" అని ముందు పెట్టింది. దాన్ని పక్కకు తోసి, ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ కొట్టాను.

"సుగుణా, ఆ పొద్దు నేను చెయ్యలేదు. నా పేరు పక్కన టిక్కు అబద్ధం. దానికి ముందు నాలుగేండ్లు పెట్టినవీ అబద్ధమే. అంగట్లో నిలబడి నువ్వు అడిగితే చెప్పిందీ అబద్ధం. నువ్వు పండుకోకముందే గొలుసు తెగిపోయింది. తెంపింది నేను. నువ్వు నిద్రపోయినావు, అంతే. నిద్రపోయేది తప్పు కాదు."

క్షమించు అని రాయలేదు. రాస్తే ఆమె క్షమించాల్సి వస్తుంది. ఆమెకు ఇంకో పని పెట్టదలచుకోలేదు. పంపాను.

ఆ తర్వాత గ్రూపులోనూ పెట్టాను, ఆరేళ్ళనాటి ఆ పట్టీ, నా టిక్కు తీసేసి. రెండు ఖాళీలతో. కింద ఒకే మాట రాశాను: "నేను ఆ రోజు చేయలేదు. నిజంగా చేసినవాళ్ళు ఇప్పుడు చెప్పండి." ఒకరు ఏదో రాసి, నేను చదివేలోపే తీసేశారు. ఆ తర్వాత ఎవరో శుభోదయం అని గులాబీల బొమ్మ పెట్టారు. దాని కింద విమల టీచరమ్మ దండం పెట్టింది. సాయంత్రానికి నన్ను పట్టీ పని నుంచి తప్పించారు. తప్పించనీ. ఇన్నేళ్ళలో నేను రాసిన సరైన పట్టీ అదొక్కటే.

సుగుణ దగ్గర రెండు టిక్కులూ నీలమయ్యాయి. చదివింది. జవాబు లేదు.

నిన్న మూడయింది. ఫోను మోగలేదు. మూడుంపావు. మూడున్నర. ఈరోజూ మూడు దాటింది. ఆరేళ్ళలో ఎన్నడూ తప్పని మనిషి.

ఆమె ఆరేళ్ళ మోకాళ్ళను నేను తెచ్చి ఇవ్వలేను. ఇక జన్మలో నా మొహం చూడదేమో. నా పేరు తలచుకుని మన్ను పోస్తోందేమో. పోయనీ, అది ఆమె హక్కు. నాకు మాత్రం ఊపిరాడుతోంది. సిగ్గు లేకుండా ఆడుతోంది. ఫోను చేతిలో పట్టుకుని, కుట్టు ఆపి కూర్చుని, ఒక్కటే అనుకుంటున్నాను. పుంగనూరులో ఆ ఇంట్లో, ఫ్యాను కింద, కుంటి కాళ్ళు చాపుకుని సుగుణ పడుకుని ఉంటుందేమో.

పడుకోనీ. ఎవరూ లేపొద్దు.